అంతర్జాతీయ పెట్టుబడులు, ఫైనాన్షియల్ రిస్క్ మేనేజ్‌మెంట్‌లో పీజీ: సిలబస్ నుంచి ఉద్యోగం దాకా

ఎంబీఏ ఫైనాన్స్‌కీ దీనికీ తేడా ఏంటని చాలామంది అడుగుతుంటారు. ఎంబీఏలో మార్కెటింగ్, హెచ్‌ఆర్, ఆపరేషన్స్ అన్నీ తలా కాస్త చదువుతారు, ఫైనాన్స్ అందులో ఒక పాయ. ఇక్కడ ఏడాది నుంచి రెండేళ్లు ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతారు: దేశం దాటించి పెట్టిన డబ్బు ఎంత పోవచ్చు, ఎందుకు పోవచ్చు, పోయినా సంస్థ కూలకుండా ముందే ఏం చేసి పెట్టుకోవాలి? లెక్కలంటే భయం లేనివాళ్లకు, వార్తల్లో వడ్డీ రేట్ల గురించి వస్తే ఛానల్ మార్చనివాళ్లకు ఇది సరిపోయే చదువు. షేర్ల టిప్స్ తెలుస్తాయని వచ్చేవాళ్లకు మాత్రం మొదటి నెలలోనే ఉత్సాహం చల్లారిపోతుంది.

ఈ మార్గదర్శిలో ఉదాహరణకు ఎక్కువగా బ్రిటన్‌లోని ఏడాది ఎంఎస్సీని తీసుకున్నాను. ఈ సబ్జెక్టు పేరుతో ప్రత్యేక కోర్సులు అక్కడే ఎక్కువ, మన పిల్లలు వెళ్లేదీ ఎక్కువగా అటే. ఇక్కడే ఉండి చదవాలనుకునేవాళ్ల దారి కూడా మధ్యలో చెబుతాను.

1. ముందు సబ్జెక్టు స్వరూపం తెలుసుకోండి

రిస్కుల్ని ఏ కోర్సైనా మామూలుగా నాలుగు గుంపులుగా చెబుతుంది. ధరలు, వడ్డీ రేట్లు, మారకపు రేట్లు కదలడం వల్ల వచ్చేది మార్కెట్ రిస్క్. అప్పు తీసుకున్నవాడు ఎగ్గొడితే క్రెడిట్ రిస్క్. ఆస్తులున్నా చేతిలో నగదు ఆడకపోతే లిక్విడిటీ రిస్క్. మనుషులు, కంప్యూటర్లు, పద్ధతులు దెబ్బతీస్తే ఆపరేషనల్ రిస్క్. పరీక్షలో రాయడానికి ఈ విభజన చాలు. అసలు కథల్లో మాత్రం ఇవి విడివిడిగా రావు.

1995లో బేరింగ్స్ బ్యాంకు కూలిపోయింది. సింగపూర్‌లో కూర్చున్న నిక్ లీసన్ జపాన్ నిక్కీ సూచీ మీద వేసిన పందేలు కోబే భూకంపం తర్వాత ఎదురుతిరిగాయి. నష్టం దాదాపు 82.7 కోట్ల పౌండ్లు. చూడ్డానికి ఇది మార్కెట్ రిస్క్. కానీ ట్రేడ్ చేసేదీ అతనే, ఆ ట్రేడ్ల లెక్కలు సరిచూసే విభాగం అతని చేతిలోనే. మూలం ఆపరేషనల్ రిస్క్. 2023 మార్చిలో మూతపడ్డ సిలికాన్ వ్యాలీ బ్యాంకు దగ్గర ఉన్నవి ఎక్కువగా అమెరికా ప్రభుత్వ బాండ్లు, ప్రభుత్వ హామీ ఉన్న ఇంటి రుణాల ఆధారిత బాండ్లు. ఎగవేత భయం దాదాపు లేనివే. వడ్డీ రేట్లు పెరిగి వాటి విలువ పడిపోయింది, డిపాజిటర్లు ఒక్క రోజులో 4,200 కోట్ల డాలర్లు వెనక్కి అడిగారు. మార్కెట్ రిస్క్ రెండు రోజుల్లో లిక్విడిటీ రిస్క్‌గా మారింది. లెక్క కూడా కష్టం కాదు: డ్యూరేషన్ (వడ్డీ ఒక శాతం పాయింటు పెరిగితే విలువ ఇంచుమించు ఎన్ని శాతం తగ్గుతుందో చెప్పే అంకె) 6 ఉన్న బాండ్ల మీద వడ్డీ 3 శాతం పాయింట్లు పెరిగితే విలువ ఇంచుమించు 18 శాతం తరుగుతుంది.

'అంతర్జాతీయ' అన్న మాట చేరగానే వచ్చే ప్రత్యేక చిక్కు ఏంటో చెప్పడానికి నేను ఎప్పుడూ 1974 నాటి హెర్‌స్టాట్ ఉదంతాన్నే ఎత్తుకుంటాను. జర్మనీలోని కొలోన్ నగరంలో అదో చిన్న బ్యాంకు. ఆ ఏడాది జూన్ 26న అధికారులు దాన్ని మూసేశారు. అప్పటికి దానితో మార్కులిచ్చి డాలర్లు తీసుకునే ఒప్పందాలున్న ఎదుటి బ్యాంకులు తమ వంతు జర్మన్ మార్కులు కట్టేశాయి. న్యూయార్క్‌లో ఇంకా తెల్లారి ఎంతోసేపు కాలేదు, వాళ్లకు రావాల్సిన డాలర్లు రాలేదు. రెండు దేశాల గడియారాల మధ్య తేడాలో డబ్బు పోయింది. ఆ దెబ్బకే ఆ ఏడాది చివర్లో బ్యాంకులకు అంతర్జాతీయ నిబంధనలు రూపొందించే బాసెల్ కమిటీ పుట్టింది. రెండు కరెన్సీలూ ఒకేసారి చేతులు మారేలా చూసే సీఎల్‌ఎస్ వ్యవస్థ పని మొదలుపెట్టేసరికి 2002 వచ్చింది. బాసెల్ నిబంధనలు కోర్సులో ఎందుకంత చోటు తింటాయో ఈ వరస తెలిస్తేనే అర్థమవుతుంది. లేకపోతే అవన్నీ బట్టీ పట్టాల్సిన శాతాల్లా కనిపిస్తాయి.

ఈ చదువులో ఏ సమస్య ఎదురైనా ముందు అడగాల్సింది ఒకటే: ఇది ఎవరి డబ్బు, ఆ మనిషి ఏ కరెన్సీలో లెక్క చూసుకుంటాడు? ఒకే షేరు, ఒకే బాండు. చెన్నైలో ఉన్నవాడికి ఒక రిస్క్, లండన్‌లో ఉన్నవాడికి ఇంకో రిస్క్. కింద అంకెలతో చూపిస్తాను.

2. చేరడానికి ఆరు నెలల ముందు లెక్కలు దులపండి

బీటెక్ వాళ్లకు గణితం వచ్చు, బ్యాలెన్స్ షీట్ రాదు. బీకాం వాళ్లకు అకౌంట్స్ వచ్చు, మ్యాట్రిక్స్ అంటే గుండె దడ. స్టాటిస్టిక్స్‌తో బీఎస్సీ చేసినవాళ్లే అందరికంటే నిశ్చింతగా ఉంటారు, కాకపోతే వాళ్లకా సంగతి తెలియదు.

అవసరమైన గణితం పెద్దదేం కాదు. సగటు, వేరియన్స్, కోవేరియన్స్, కోరిలేషన్ కళ్లు మూసుకున్నా రావాలి. నార్మల్ డిస్ట్రిబ్యూషన్‌తో పాటు తోకలు లావుగా ఉండే (అంటే అరుదైన పెద్ద కదలికలకు ఎక్కువ అవకాశమిచ్చే) డిస్ట్రిబ్యూషన్లు అంటే ఏంటో తెలియాలి. రిగ్రెషన్ నడిపి ఫలితం చదవగలగాలి. టైమ్ సిరీస్‌లో స్టేషనరిటీ (సగటు, ఒడుదొడుకు కాలంతో మారకపోవడం), గార్చ్ మోడల్ (ఒడుదొడుకు రోజురోజుకూ ఎలా మారుతుందో లెక్కగట్టేది) అనే మాటలు కొత్తగా అనిపించకూడదు. మ్యాట్రిక్సులు గుణించడం, పార్షియల్ డెరివేటివ్ తీయడం చాలు. స్టోకాస్టిక్ క్యాలిక్యులస్ ఇప్పుడే మొదలెట్టి బెంబేలు పడకండి. గణిత మోడళ్లు కట్టే క్వాంట్ కోర్సుకు వెళ్లేవాళ్లకే దాని అవసరం.

ఎక్సెల్ ఎలాగూ ఉండాలి. దాంతోపాటు పైథాన్. పాండాస్, స్టాట్స్‌మోడల్స్, గార్చ్ కోసం 'ఆర్చ్' అనే ప్యాకేజీ, ఈ మూడింటితో ఏడాదంతా గడిచిపోతుంది. ఎక్సెల్‌ని తక్కువ చేయకండి, గుడ్డిగా నమ్మకండి కూడా. 2012లో జేపీ మోర్గాన్‌కు 600 కోట్ల డాలర్లకు పైగా నష్టం తెచ్చిన 'లండన్ వేల్' వ్యవహారంలో, రిస్క్ లెక్కగట్టే మోడల్ ఎక్సెల్ షీట్ల మధ్య చేత్తో కాపీ, పేస్ట్ చేస్తూ నడిచింది. ఒకచోట సగటుతో భాగించాల్సింది మొత్తంతో భాగించారు. రిస్క్ ఉన్నదానికంటే తక్కువగా కనిపించింది. బ్యాంకు సొంత విచారణ నివేదికలోనే ఈ సంగతి ఉంది.

3. కోర్సు ఎంచుకునేటప్పుడు ర్యాంకు పక్కన పెట్టి మాడ్యూళ్ల పేజీ చదవండి

'ఇంటర్నేషనల్ ఇన్వెస్ట్‌మెంట్', 'ఫైనాన్స్ అండ్ రిస్క్', 'ఫైనాన్షియల్ రిస్క్ మేనేజ్‌మెంట్' అని పేర్లు దగ్గర దగ్గరగా ఉంటాయి, లోపల సరుకు వేరు. మాడ్యూళ్ల పేజీ తెరిచి చూసుకోండి. ఎకనమెట్రిక్స్ (ఆర్థిక డేటాకు గణాంక పద్ధతులు వాడటం) తప్పనిసరా, ఐచ్ఛికమా? డెరివేటివ్స్‌కి (షేర్లు, కరెన్సీల లాంటి వాటి ధర మీద ఆధారపడే ఒప్పందాలకు) ఒక పూర్తి మాడ్యూల్ ఉందా? క్రెడిట్ రిస్క్, మార్కెట్ రిస్క్ విడివిడిగా చెబుతారా, లేక 'రిస్క్ మేనేజ్‌మెంట్' అని ఒక్కదాంట్లో కుక్కేశారా? ప్రోగ్రామింగ్‌కి మార్కులున్నాయా, లేక రెండు రోజుల వర్క్‌షాప్‌తో సరిపెడతారా? ఎకనమెట్రిక్స్ ఐచ్ఛికంగా ఉండి 'లీడర్‌షిప్', 'స్ట్రాటజీ' లాంటివి తప్పనిసరిగా ఉంటే, అది వేరే పేరు పెట్టుకున్న ఎంబీఏనే. ఆ డబ్బు పెట్టొద్దనే చెబుతాను.

బ్రిటన్‌లో రెడింగ్ యూనివర్సిటీ హెన్లీ బిజినెస్ స్కూల్‌లోని ఐసీఎంఏ సెంటర్‌కు ఈ రంగంలో పాత పేరు ఉంది, ట్రేడింగ్ గదుల్లో కూర్చోబెట్టి నేర్పిస్తారు. యూసీఎల్‌లో ఫైనాన్షియల్ రిస్క్ మేనేజ్‌మెంట్ ఎంఎస్సీని కంప్యూటర్ సైన్స్ విభాగం నడుపుతుంది. ఆ ఒక్క వివరంతోనే కోర్సు ఎటు మొగ్గుతుందో తెలిసిపోతుంది. ఇంపీరియల్‌ది ఇంకా గణితం వైపు. గ్లాస్గోలో కూడా ఈ పేరుతో కోర్సు ఉంది, లండన్ ఖర్చుతో పోలిస్తే ఊపిరి ఆడుతుంది. అమెరికాకైతే స్టెమ్ గుర్తింపు ఉన్న ఫైనాన్షియల్ ఇంజినీరింగ్, క్వాంట్ ఫైనాన్స్ కోర్సులే చూసుకోవాలి. చదువయ్యాక పని చేసుకునే ఏడాది ఓపీటీకి మరో 24 నెలలు కలిసేది ఆ గుర్తింపుతోనే.

ఇక్కడే చదవాలంటే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఎంఏ ఫైనాన్షియల్ ఎకనామిక్స్, చెన్నైలో మద్రాస్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్, ముంబైలో ఆర్‌బీఐ నెలకొల్పిన ఐజీఐడీఆర్, పాతాళగంగలో సెబీ వారి ఎన్‌ఐఎస్‌ఎం చూడండి. కాకినాడలో ఐఐఎఫ్‌టీ క్యాంపస్ ఉంది కానీ అక్కడిది ఇంటర్నేషనల్ బిజినెస్ ఎంబీఏ, వాణిజ్యం వైపు బరువు ఎక్కువ. సెంట్రల్ యూనివర్సిటీలో ఎంఏ చేస్తూ పక్కన ఎఫ్‌ఆర్‌ఎం (ఫైనాన్షియల్ రిస్క్ మేనేజర్ అనే సర్టిఫికెట్ పరీక్ష) రాసుకునేవాళ్ల ఖర్చు, బ్రిటన్ ఫీజులో చిన్న భాగం కూడా కాదు. నన్నడిగితే డిగ్రీ అయిన వెంటనే, ఏ అనుభవమూ లేకుండా అప్పు చేసి విదేశం వెళ్లేకంటే ఇది చాలామందికి మెరుగైన దారి. రెండేళ్లు ఉద్యోగం చేశాక వెళ్లేవాళ్ల సంగతి వేరు. చీవ్‌నింగ్ స్కాలర్‌షిప్‌కు కూడా రెండేళ్ల పని అనుభవం అడుగుతారు.

అమీర్‌పేట కన్సల్టెన్సీల జాబితాలో ఒక యూనివర్సిటీ అన్నిటికంటే పైన ఉందంటే, దాని కమీషన్ కూడా పైనే ఉందేమో ఒకసారి అనుమానించండి.

4. మీ అప్పే మీ మొదటి కేస్ స్టడీ

క్లాసులో ఎక్కడో బహుళజాతి సంస్థ కరెన్సీ ఎక్స్‌పోజర్ గురించి చెబుతారు. అంతకుముందే మీ ఇంట్లో ఒకటి తయారై ఉంటుంది. కాస్త లెక్క వేద్దాం.

ఫీజు 28,000 పౌండ్లు, పౌండు 110 రూపాయలు అనుకోండి. 30.8 లక్షలు. ఆఫర్ వచ్చిన రోజు నుంచి ఆఖరి వాయిదా కట్టే దాకా పది నెలలు పట్టొచ్చు. ఈలోపు పౌండు 118కి చేరితే మొత్తం 33.04 లక్షలు. బ్యాంకు మంజూరు చేసింది రూపాయల్లో కాబట్టి ఆ రెండు లక్షల పైచిలుకు తేడా నాన్నగారి జేబులోంచి రావాలి. అందుకే మంజూరు అడిగేటప్పుడే ఆనాటి రేటు మీద పది శాతం కలిపి అడగండి. వాడకపోతే ఆ మేరకు డ్రా చేయరు, వడ్డీ పడదు. ముందే మొత్తం కట్టేస్తే రాయితీ ఇచ్చే యూనివర్సిటీలున్నాయి. ఆ రాయితీని, తొందరగా డ్రా చేయడం వల్ల పెరిగే వడ్డీని పక్కపక్కన పెట్టి చూడండి. ఫీజు మీద రెండు శాతం రాయితీ ఇచ్చి, ఆరు నెలల ముందు డబ్బు అడిగితే, 10.5 శాతం వడ్డీకి అప్పు చేసినవాడికి అది నష్టమే.

35 లక్షల అప్పు, 10.5 శాతం, పదేళ్లు అయితే నెల వాయిదా సుమారు 47,200 రూపాయలు. చదువుతున్నప్పుడు పేరుకున్న వడ్డీ అసలులో కలిస్తే ఇంకా పైకి.

మళ్లీ అదే ప్రశ్న: ఏ కరెన్సీలో? రూపాయల్లో అప్పు తీసుకుని, బ్రిటన్‌లో ఉద్యోగం వచ్చి పౌండ్లలో సంపాదిస్తే, రూపాయి బలహీనపడే కొద్దీ మీకు మేలు. రూపాయల్లో అప్పు, హైదరాబాద్‌లో రూపాయల జీతం అయితే కరెన్సీ రిస్క్ లేదు, జీతం వాయిదాకు సరిపోతుందా అన్నదొక్కటే మిగులుతుంది. తాకట్టు అడగకుండా డాలర్లలో అప్పిచ్చే విదేశీ సంస్థలు కూడా ఉన్నాయి. అక్కడ అప్పు చేసి ఇండియాకు తిరిగొస్తే మాత్రం డాలర్ పెరుగుదల మీ నెత్తిన పడుతుంది, వడ్డీ మార్కెట్‌తో పాటు మారే ఫ్లోటింగ్ రేటైతే అది కూడా. 1997లో థాయ్‌లాండ్ కంపెనీలు సరిగ్గా ఇలాగే మునిగాయి, డాలర్లలో అప్పు చేసి, బాట్‌లలో సంపాదించి. వడ్డీ శాతం ఒక పాయింటు తక్కువ కనిపించిందని డాలర్ అప్పు తీసుకోవద్దు. ఆ తేడా ఎందుకుందో అర్థం కావాలంటే కవర్డ్ ఇంట్రెస్ట్ ప్యారిటీ (రెండు దేశాల వడ్డీల తేడాకు, ఫార్వర్డ్ రేటుకు ఉన్న సంబంధం; ఫార్వర్డ్ అంటే ముందు తేదీకి ఇవాళే ఖాయం చేసుకునే రేటు) చూడాలి: డాలర్ 85 రూపాయలు, ఇక్కడ వడ్డీ 6.5, అక్కడ 4.5 అయితే ఏడాది ఫార్వర్డ్ రేటు 85 × 1.065 ÷ 1.045, అంటే 86.63. తక్కువ వడ్డీ వల్ల మిగిలేదాన్ని మార్కెట్ ముందే ఫార్వర్డ్ ధరలోకి ఎక్కించేసింది.

తెలంగాణలో ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి, బీసీలకు మహాత్మా జ్యోతిబా ఫూలే పేరుతో ఉన్న విద్యానిధి, మైనారిటీలకు సీఎం ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఉన్నాయి, 20 లక్షల దాకా సాయం అందుతుంది. అర్హత, ఆదాయ పరిమితి, గడువు ముందే చూసుకోండి. డబ్బు విడుదల మీ ఫీజు గడువుకు అందుతుందన్న ధీమాతో మాత్రం లెక్కలు వేసుకోవద్దు.

వీసా విషయంలో మూడు ముక్కలు. చూపించాల్సిన నిధులు ఖాతాలో వరుసగా 28 రోజులు ఉండాలి, ఒక్క రోజు తగ్గినా తిరస్కరిస్తారు. 2024 జనవరి నుంచి బోధనా మాస్టర్స్ విద్యార్థులు కుటుంబాన్ని వెంట తీసుకెళ్లలేరు. చదువయ్యాక ఉండనిచ్చే గ్రాడ్యుయేట్ రూట్ ఇప్పటిదాకా రెండేళ్లు, 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు చేసేవాళ్లకు 18 నెలలే. ఉద్యోగం వెతుక్కునే కాలం ఆ మేరకు తగ్గింది.

5. ఎస్‌ఓపీ (ఈ కోర్సు ఎందుకో మీరే చెప్పే దరఖాస్తు వ్యాసం)

ఒక పేజీన్నర చాలు. 'చిన్నప్పటి నుంచి స్టాక్ మార్కెట్ అంటే ఆసక్తి' అనే వాక్యం వెయ్యి దరఖాస్తుల్లో ఉంటుంది. దాని బదులు మీరు నిజంగా చేసిన ఒక లెక్క గురించి రాయండి. కింది విభాగంలోది చేసి చూసి, మీకు ఏం తేలిందో రాసినా సరిపోతుంది.

6. చేరాక మొదటి రెండు నెలల్లో చేత్తో చేయాల్సిన లెక్క

రిస్క్ పాఠాలన్నీ వ్యాల్యూ ఎట్ రిస్క్ దగ్గర మొదలవుతాయి. పనిచేసేవాళ్లంతా దాన్ని 'వార్' అంటారు. మామూలు రోజుల్లో, ఫలానా నమ్మకంతో, ఒక రోజులో ఇంతకంటే ఎక్కువ పోదు అని చెప్పే అంకె అది. జేపీ మోర్గాన్ 1994లో రిస్క్‌మెట్రిక్స్ పద్ధతిని బయటపెట్టాక ఇది లోకమంతా పాకింది.

విజయవాడలో ఒకరు లక్ష డాలర్లు అమెరికా ఇండెక్స్ ఫండ్‌లో పెట్టారనుకుందాం. డాలర్ 85 రూపాయల లెక్కన 85 లక్షలు. ఇండెక్స్ రోజువారీ ఒడుదొడుకు 1.2 శాతం, డాలర్-రూపాయిది 0.4 శాతం అనుకోండి. రెండింటి మధ్య కోరిలేషన్ మైనస్ 0.3. మైనస్ ఎందుకంటే, ప్రపంచ మార్కెట్లు భయపడి పడిన రోజున జనం డాలర్ వైపు పరుగెత్తుతారు, రూపాయల్లో డాలర్ ధర పెరుగుతుంది.

వేరియన్స్ = 1.44 + 0.16 + 2 × (−0.3) × 1.2 × 0.4 = 1.312. వర్గమూలం 1.145 శాతం. 99 శాతం నమ్మకానికి 2.33తో గుణిస్తే 2.67 శాతం. 85 లక్షల మీద సుమారు 2.27 లక్షలు. అంటే వంద రోజుల్లో ఒక రోజు ఇంతకంటే ఎక్కువ పోవచ్చు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. కరెన్సీ రిస్క్ కలిశాక మొత్తం ఒడుదొడుకు 1.2 నుంచి 1.145కి తగ్గింది. ఇంకో రిస్క్ కలిపితే రిస్క్ తగ్గడం చాలామందికి మొదట మింగుడుపడదు. ఈ మనిషి వెళ్లి డాలర్‌ను హెడ్జ్ చేస్తే, అంటే మారకపు రేటు ముందే ఖాయం చేసుకుంటే, చేతులారా రిస్క్ పెంచుకున్నట్టు.

ఇప్పుడు ఎదురు దిక్కు నుంచి చూద్దాం. న్యూయార్క్‌లో ఉన్న ఫండ్ అంతే సొమ్ము నిఫ్టీలో పెట్టింది. ఒడుదొడుకులు అవే అంకెలు అనుకుందాం. వాళ్లు డాలర్లలో చూసుకుంటారు. భయం పుట్టిన రోజున నిఫ్టీ పడుతుంది, రూపాయి కూడా పడుతుంది. వాళ్లకు కోరిలేషన్ ప్లస్ 0.3. వేరియన్స్ 1.888, వర్గమూలం 1.374, వార్ 3.2 శాతం. అదే 85 లక్షల విలువ మీద 2.72 లక్షలు. 2013లో అమెరికా ఫెడ్ బాండ్ల కొనుగోలు తగ్గిస్తామని అన్నాక, మే నెలలో 55 దగ్గరున్న డాలర్ ఆగస్టు చివరికి 68 దాటింది. అప్పుడు విదేశీ ఫండ్లు ఎందుకంత హడావుడిగా అమ్ముకున్నాయో ఈ రెండు అంకెల తేడాలో కనిపిస్తుంది.

ఇక అసలు డేటాతో చేయండి. అమెరికా సూచీకి ఫ్రెడ్ (సెయింట్ లూయిస్ ఫెడ్ నడిపే డేటా) వెబ్‌సైట్, నిఫ్టీకి ఎన్‌ఎస్‌ఈ, రూపాయి రేటుకు ఎఫ్‌బీఐఎల్ అనే సంస్థ ప్రకటించే రిఫరెన్స్ రేటు, ఇవన్నీ ఉచితమే. రెండేళ్ల రోజువారీ రాబడులు తీసుకుని, కోరిలేషన్ కనిపెట్టి, వార్ కట్టండి. ఇక్కడే గోతులున్నాయి, క్లాసులో వీటి గురించి పెద్దగా చెప్పరు.

ఎఫ్‌బీఐఎల్ రేటు ఉదయం 11.30 నుంచి మధ్యాహ్నం 12.30 మధ్య జరిగిన లావాదేవీల నుంచి వస్తుంది. నిఫ్టీ ముగిసేది మధ్యాహ్నం 3.30కి. అమెరికా మార్కెట్ ముగిసేసరికి మనకు అర్ధరాత్రి దాటి ఒంటిగంటన్నర, చలికాలంలో రెండున్నర. తేదీ కాలమ్‌లో మూడూ ఒకే రోజు, గడియారంలో పద్నాలుగు గంటల దూరం. అలాగే కోరిలేషన్ తీస్తే అది నిజానికంటే చిన్నగా వస్తుంది. పరిష్కారం: అమెరికా రాబడిని మర్నాటి భారత రాబడితో జతచేసి చూడండి, లేదా వారపు రాబడులు వాడండి. రెండు విధాలా చేసి తేడా రాయండి.

సెలవుల సమస్య కూడా ఇలాంటిదే. హోలీకో, అక్కడి థ్యాంక్స్‌గివింగ్‌కో ఒక మార్కెట్ మూసి ఉంటే చాలామంది ముందు రోజు ధరే కిందికి లాగేస్తారు. ఆ రోజు రాబడి సున్నా అవుతుంది, ఒడుదొడుకు దొంగచాటుగా తగ్గిపోతుంది. రెండు మార్కెట్లూ తెరిచి ఉన్న రోజులే ఉంచండి.

అంకె వచ్చాక దాన్ని పరీక్షించాలి. 250 రోజుల్లో నష్టం వార్‌ను ఎన్నిసార్లు దాటిందో లెక్కపెట్టండి. 99 శాతం మోడల్‌కు రెండు, మూడు సార్లు సహజం. బాసెల్ పద్ధతిలో 4 దాకా ఆకుపచ్చ, 5 నుంచి 9 పసుపు, 10, ఆపైన ఎరుపు. ఎరుపులో పడితే మోడల్ తప్పనే నియంత్రణ సంస్థ భావిస్తుంది, బ్యాంకు ఎక్కువ మూలధనం పక్కన పెట్టాలి. 2020 మార్చి నెల మీ డేటాలో ఉండేలా చూసుకోండి. నార్మల్ డిస్ట్రిబ్యూషన్ ఎంత అమాయకమైనదో ఆ నెల చాలు చూపించడానికి. ఆ తర్వాత ఎక్స్‌పెక్టెడ్ షార్ట్‌ఫాల్ పాఠం దానంతటదే అర్థమవుతుంది: గీత దాటిన రోజున సగటున ఎంత పోతుంది అని అడిగేది అది. బాసెల్ కొత్త ట్రేడింగ్ నిబంధనలు 99 శాతం వార్‌ను వదిలి 97.5 శాతం ఎక్స్‌పెక్టెడ్ షార్ట్‌ఫాల్‌కు మారింది ఇందుకే.

7. మార్కులు, పార్ట్‌టైమ్ పని

బ్రిటన్‌లో పాస్ మార్కు 50, మెరిట్ 60, డిస్టింక్షన్ 70. ఇంటర్‌లో 980 తెచ్చుకున్న పిల్లలకు మొదటి వ్యాసంలో 58 రాగానే లోకం తలకిందులవుతుంది. 58 చెడ్డ మార్కు కాదు. వ్యాఖ్యల్లో 'క్రిటికల్ అనాలిసిస్ లేదు' అని ఉందేమో చూడండి. ఎవరో చెప్పింది తిరిగి చెప్పారు, అది ఎక్కడ తప్పవుతుందో చెప్పలేదని దానర్థం. మన పరీక్షల్లో పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు రాస్తే మార్కులు, అక్కడ అలా రాస్తే కాపీని పట్టే టర్నిటిన్ సాఫ్ట్‌వేర్‌లో పట్టుబడతారు.

టర్మ్ జరిగేటప్పుడు వారానికి 20 గంటలే పని చేయాలి. పీజీ వాళ్లకు వేసవిలో డిసర్టేషన్ రాసే నెలలు కూడా సాధారణంగా టర్మ్ కిందికే వస్తాయి, సెలవులనుకుని ఫుల్‌టైమ్ షిఫ్టులు చేసి వీసా మీదకు తెచ్చుకోవద్దు.

8. ఎఫ్‌ఆర్‌ఎం రాయాలా, సీఎఫ్‌ఏ రాయాలా?

బ్యాంకు రిస్క్ విభాగంలోకి వెళ్లాలంటే ఎఫ్‌ఆర్‌ఎం, ఫండ్ మేనేజ్‌మెంట్, రీసెర్చ్ వైపైతే సీఎఫ్‌ఏ (పెట్టుబడుల విశ్లేషకుల సర్టిఫికెట్). రెండూ ఒకేసారి మొదలెట్టేవాళ్లు సాధారణంగా రెండూ సగంలో వదిలేస్తారు. ఎఫ్‌ఆర్‌ఎం‌ను గార్ప్ అనే సంస్థ నిర్వహిస్తుంది. పార్ట్ 1లో నాలుగు గంటల్లో 100 ప్రశ్నలు: రిస్క్ పునాదులు 20 శాతం, క్వాంట్ 20, మార్కెట్లు-ఉత్పత్తులు 30, వాల్యుయేషన్ 30. పార్ట్ 2లో 80 ప్రశ్నలు. సర్టిఫికెట్ చేతికి రావాలంటే రెండేళ్ల సంబంధిత ఉద్యోగానుభవం కూడా కావాలి. ఎంఎస్సీ మొదటి సెమిస్టర్ సిలబస్‌కు పార్ట్ 1 చాలావరకు కలుస్తుంది. కాబట్టి చేరకముందు వేసవిలోనే రాసేయడం తెలివైన పని. డిసర్టేషన్ కాలంలో పెట్టుకోవద్దు.

9. డిసర్టేషన్: డేటా దొరికాకే అంశం

'ప్రపంచీకరణ ప్రభావం వర్ధమాన మార్కెట్లపై' లాంటి అంశాలు గైడ్ దగ్గరికి తీసుకెళ్లకండి. ఒక సంఘటన, ఒక మార్కెట్, ఒక పద్ధతి. ఉదాహరణకు 2024 జూన్ 28 నుంచి భారత ప్రభుత్వ బాండ్లు జేపీ మోర్గాన్ వర్ధమాన మార్కెట్ల సూచీలో చేరడం మొదలైంది, పది నెలల్లో వాటా 10 శాతం దాకా పెరిగేలా ప్రణాళిక. దానికి ముందు, తర్వాత మన బాండ్ల రాబడులకు అమెరికా ట్రెజరీ బాండ్లతో సంబంధం మారిందా? ప్రకటన తేదీ ఉంది, అమలు తేదీ ఉంది, రోజువారీ డేటా దొరుకుతుంది, కోరిలేషన్ రోజురోజుకూ ఎలా మారుతుందో చూపే డీసీసీ-గార్చ్ అనే పద్ధతి సరిపోతుంది. తెలుగువాళ్లకు దగ్గరగా ఉండాలంటే రొయ్యల ఎగుమతి కంపెనీలు తీసుకోండి. భీమవరం, కాకినాడ చుట్టుపక్కల నుంచి సరుకు అమెరికా వెళ్తుంది, రాబడి డాలర్లలో, ఖర్చు ఎక్కువగా రూపాయల్లో. స్టాక్ ఎక్స్‌చేంజ్‌లో నమోదైన ఇలాంటి కంపెనీల వార్షిక నివేదికల్లో హెడ్జింగ్ వివరాలు నోట్స్‌లో ఉంటాయి. డాలర్ కదలికకు వాటి షేర్లు ఎంత స్పందిస్తాయో, 2025లో అమెరికా వేసిన సుంకాల తర్వాత అది మారిందో లేదో చూడొచ్చు. లండన్‌లో ఉన్న గైడ్‌కు ఇది కొత్తగా ఉంటుంది, మీకు నేపథ్యం తెలుసు.

అంశం ఖాయం చేసే ముందు డేటా మొత్తం డౌన్‌లోడ్ చేసి, ఒక గ్రాఫ్ గీసి చూడండి. గ్రాఫ్ గీయలేకపోతే అంశం మార్చండి.

10. ఉద్యోగ వేట చేరిన వారం నుంచే

లండన్ బ్యాంకుల గ్రాడ్యుయేట్ నియామకాలు ఆగస్టు, సెప్టెంబర్‌లోనే తెరుచుకుంటాయి, వచ్చినవి వచ్చినట్టు చూసి సీట్లు నింపేస్తారు. మీరు సెప్టెంబర్ చివర దిగి, బ్యాంకు ఖాతా తెరిచి, బియ్యం ఎక్కడ దొరుకుతాయో కనుక్కునేలోపు సగం అయిపోతాయి. సీవీ, ఆన్‌లైన్ పరీక్షల సాధన విమానం ఎక్కకముందే పూర్తవ్వాలి.

హైదరాబాద్‌కు తిరిగి రావడాన్ని ఓటమిగా చూడకండి. గోల్డ్‌మన్ శాక్స్, జేపీ మోర్గాన్, వెల్స్ ఫార్గో, హెచ్‌ఎస్‌బీసీ, యూబీఎస్, స్టేట్ స్ట్రీట్ లాంటి సంస్థలకు ఇక్కడ పెద్ద కార్యాలయాలున్నాయి. ఈ రంగంలో మోడల్ వాలిడేషన్, మార్కెట్ రిస్క్ రిపోర్టింగ్, స్ట్రెస్ టెస్టింగ్ పనులకు మనుషులు కావాలి. వీటిలో నేను ముందు చూడమనేది మోడల్ వాలిడేషన్. ఒకరు కట్టిన మోడల్‌ను ఇంకొకరు స్వతంత్రంగా తప్పులు పట్టే పని అది. అమెరికా ఫెడ్ 2011లో ఇచ్చిన ఎస్‌ఆర్ 11-7 మార్గదర్శకం దీన్ని పెద్ద బ్యాంకులన్నిటికీ తప్పనిసరి పనిగా మార్చింది, బ్రిటన్‌లో ఇలాంటి నియమం 2024 మేలో అమల్లోకి వచ్చింది. దరఖాస్తు చేసేటప్పుడు ఉద్యోగ ప్రకటనలో 'రిస్క్' అనే పదం చూసి మురిసిపోకుండా పని వివరాలు చదవండి. కొన్ని 'రిస్క్ అనలిస్ట్' ఉద్యోగాల్లో రోజంతా చేసేది కేవైసీ పత్రాలు సరిచూడటమే.

ఇంటర్వ్యూలో వార్ నిర్వచనం అడిగేది మొదటి నిమిషంలోనే. తర్వాత ప్రశ్న ఇలా ఉంటుంది: 'నిన్న వార్ 20 లక్షల డాలర్లు, ఇవాళ 26 లక్షలు. ట్రేడర్ కొత్తగా ఏమీ కొనలేదంటున్నాడు. ఎందుకు పెరిగింది?' ఒడుదొడుకు పెరిగి ఉండొచ్చు, కోరిలేషన్ మారి ఉండొచ్చు, చరిత్ర డేటాలోకి కొత్తగా ఒక చెడ్డ రోజు వచ్చి చేరి ఉండొచ్చు, ఏదో ఆప్షన్ గడువుకు దగ్గరపడి ఉండొచ్చు, డేటా ఫీడ్ తప్పయి ఉండొచ్చు. పొజిషన్ ఇంకో కరెన్సీలో ఉండి, దాన్ని డాలర్లలోకి మార్చిన రేటు కదిలి ఉండొచ్చు. వీటిలో దేన్ని ముందు చూస్తారు, ఎందుకు అన్నదే వాళ్లు వినాలనుకునేది. చాలామంది నేరుగా మోడల్ మీద పడతారు. డేటా ఫీడ్‌తో మొదలుపెట్టండి, సరిచూడటానికి అయిదు నిమిషాలు చాలు.